చలికాలం పూలకు అదను ఉత్తర, హస్త కార్తెలే

సంపాదకులకు నమస్కారం.

ఇంటి తోటల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. చలికాలం పూల గింజలు విత్తుకోమని సెప్టెంబరులోనే చెప్పడం మంచి పని. డిసెంబరులో నర్సరీల ముందు పూసిన కుండీలు కనబడితే గానీ చాలామందికి ఆ ఆలోచన రాదు. అప్పటికి అదను దాటిపోతుంది. అయితే ఆ వ్యాసంలో రెండు మాటలు చదివాక ఊరుకోలేకపోయాం. ఏ గింజలనైనా అరంగుళం లోతున విత్తాలని, రోజూ రెండు పూటలా నీళ్ళు పోయాలని రాశారు. అలా చేస్తే బంతి సగమే మొలుస్తుంది, పెటూనియా ఒక్కటీ మొలవదు. మొలవకపోతే జనం గింజలు మంచివి కావనుకుంటారు, మళ్ళీ ఏడాది విత్తరు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వివరంగా రాస్తున్నాం. వీలైతే కత్తిరించకుండా వేయండి.

ముందు అదను సంగతి. ఉత్తర కార్తె సెప్టెంబరు 13 ప్రాంతంలో మొదలై 26 దాకా ఉంటుంది. హస్త అక్టోబరు 10 దాకా, చిత్త దాదాపు 23 దాకా నడుస్తాయి. ఈ నలభై రోజుల్లోనే చలికాలం పూల నారంతా పోసుకోవాలి. కానీ అన్నీ ఒకే రోజు పోయకూడదు. పూలు ఎప్పుడు కావాలో అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి.

ఎక్కువ మంది అడిగేది బంతి. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది. అప్పటి నుంచి సంక్రాంతి దాకా గొబ్బెమ్మలకు, గుమ్మాలకు బంతిపూలు కావాలి. బజార్లో దొరికే సంకర రకాల ముద్దబంతి విత్తిన 70, 80 రోజులకు పూతకొస్తుంది. ఫ్రెంచ్ బంతి, అంటే పొట్టిగా పెరిగి చిన్న పూలు పూసేది, ఇంకో పది రోజులు ముందే పూస్తుంది. వీటికి హస్త కార్తె సరిపోతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా నారంగి గైందా, పూసా బసంతి గైందా లెక్క వేరు. నారంగి పూయడానికి విత్తిన దగ్గర నుంచి 123 నుంచి 136 రోజులు పడుతుంది, బసంతికి ఇంకొంచెం ఎక్కువే. ఆ గింజలు అక్టోబరులో వేసి సంక్రాంతికి పూలు రాలేదని బాధపడితే లాభం లేదు, ఆగస్టులోనే వేసి ఉండాలి. పొట్లం మీద రకం పేరు చూడమని పదేపదే చెప్పేది ఇందుకే. బతుకమ్మకు సొంత బంతి కావాలనుకునేవాళ్ళు ఆషాఢంలోనే విత్తుకోవాలి. ఈ ఏటికి ఆ సమయం అయిపోయింది.

పూజకు తెచ్చిన దండలోని పూలు నలిపి చల్లడం చాలా ఇళ్ళలో అలవాటు. ఇందులో రెండు చిక్కులున్నాయి. బజారుకు పూలను ముదరకుండానే కోస్తారు కాబట్టి వాటిలో గింజ కట్టి ఉండదు. ఒకవేళ కట్టినా, తల్లి మొక్క సంకర రకమైతే పిల్ల మొక్కలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. గింజ పనికొస్తుందో లేదో చేత్తోనే తెలుసుకోవచ్చు. బంతి గింజకు ఒక కొసన గడ్డిరంగు కుచ్చు, రెండో వైపు నల్లటి సన్నని పుల్ల ఉంటాయి. ఆ నల్ల భాగాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కండి. గట్టిగా, మధ్యలో కొంచెం ఉబ్బుగా తగిలితే గింజ కట్టినట్టు. కాగితంలా పలచగా ఉండి వంగిపోతే అది తాలు. దండలో పూలు నలిపితే వచ్చేది చాలావరకు తాలే. సొంత విత్తనం కావాలంటే మొక్క మీదే పువ్వును వదిలేసి, దాని కాడ గోధుమరంగుకు తిరిగాక కోసి నీడన ఆరబెట్టాలి.

చామంతి గురించి కూడా ఒక మాట. పొట్లాల మీద చామంతి అని రాసి అమ్మేవి ఏకవార్షిక రకం గింజలు, పూజకు వాడే చామంతివి కావు. మన చామంతిని పిలకలతోనో కొమ్మ కత్తిరింపులతోనో పెంచుతారు, అదీ జూన్, జూలైలలో. అది పగటి పొద్దు తగ్గితేనే మొగ్గ తొడిగే మొక్క. ఇప్పుడు కొమ్మ కత్తిరించి నాటితే పెరగడానికి వ్యవధి చాలక జానెడు ఎత్తులోనే మొగ్గ వేసేస్తుంది. ఈ నెలలో చామంతి కావాలనుకుంటే వేరు పట్టిన మొక్క కొనుక్కోవడమే దారి.

ఇక లోతు. గింజ సైజు చూసి లోతు నిర్ణయించాలి. బంతి, జినియా, డయాంథస్ గింజల మీద అర సెంటీమీటరు మట్టి పడితే చాలు, అరంగుళం ఎక్కువ. నాస్టర్షియం గింజ శనగగింజంత ఉంటుంది కాబట్టి దాన్ని రాత్రంతా నానబెట్టి అరంగుళం లోతున పెట్టవచ్చు. పెటూనియా, యాంటిరైనమ్, సాల్వియా, అజిరేటమ్ గింజలకు మొలవడానికి వెలుతురు కావాలి. వీటిని పైన చల్లి, అరచేత్తో మెల్లగా అదిమి వదిలేయాలి, మట్టి కప్పకూడదు. పాన్సీ, ఫ్లాక్స్, వెర్బినాలకు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చీకటి కావాలి. అవి పలచగా కప్పితేనే బాగా మొలుస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది పెటూనియా దగ్గరే కాబట్టి దాన్ని వివరంగా చెప్పాలి. ఒక గ్రాములో దాదాపు పది వేల గింజలుంటాయి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయి. ఇప్పుడు దొరికే పొట్లాల్లో చాలావరకు పైపూత వేసిన గింజలు, చిన్న చిన్న గుళికల్లా ఉంటాయి. తడిపిన టూత్‌పిక్ కొసతో ఒక్కొక్క గుళికను ఎత్తి తడి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మీద పెట్టి, దాని మీద సన్నటి తుంపర్లు పడేలా స్ప్రే చేయాలి. ఆ పైపూత పూర్తిగా కరగాలి. సగం కరిగి మళ్ళీ ఆరిపోతే అది గింజ చుట్టూ పెంకులా గట్టిపడి మొలకను బయటికి రానివ్వదు. గింజ మొలవలేదని ఎందరో అనుకునే చోట నిజంగా జరిగేది ఇదే. అందుకే మూతున్న పారదర్శకమైన మిఠాయి డబ్బా పెటూనియాకు బాగా పనికొస్తుంది. అడుగున ఏడెనిమిది రంధ్రాలు పెట్టి, రెండంగుళాల మందాన కోకోపీట్ నింపి, గింజలు పెట్టి మూత వేయాలి. నేరుగా ఎండ తగలని, ఆకాశం బాగా కనబడే వెలుతురులో ఉంచాలి. ఎండలో పెడితే డబ్బా లోపల వేడికి గింజ ఉడికిపోతుంది. నీళ్ళు పైనుంచి పోయకూడదు. పళ్ళెంలో ఒక సెంటీమీటరు నీళ్ళు పోసి డబ్బాను అందులో పెడితే పది పదిహేను నిమిషాల్లో పైభాగం నల్లబడుతుంది, వెంటనే తీసేయాలి. వారం, పది రోజుల్లో పచ్చటి చుక్కలు కనబడతాయి. అప్పటి నుంచి మూతను మొదటి రోజు కొంచెం, రెండో రోజు సగం తెరిచి, మూడో రోజు పూర్తిగా తీసేయాలి. నాలుగో వారంలో నాలుగు నిజమైన ఆకులు (మొలకతో వచ్చే జంట ఆకులు కాక ఆ తర్వాతవి) వచ్చాక ఒక్కొక్కదాన్ని విడదీసి చిన్న కప్పుల్లోకి మార్చాలి. పట్టుకునేటప్పుడు ఆకు పట్టుకోవాలి, కాడ పట్టుకోకూడదు. ఆకు నలిగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్క పోతుంది. విత్తిన రెండున్నర, మూడు నెలలకు పూలొస్తాయి. అంటే పెటూనియాను అన్నిటికంటే ముందు, ఉత్తర కార్తెలోనే వేయాలి.

పాన్సీకి తొందర పనికిరాదు. వేడి పాతిక డిగ్రీలు దాటితే ఆ గింజ నిద్రలోకి జారుకుంటుంది, తర్వాత చల్లబడినా చాలావరకు మేలుకోదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, మదనపల్లె, అరకు ఇంకా ఎత్తు. అక్కడ చిత్త కార్తె నడుమ రాత్రులు చల్లబడతాయి. అప్పుడు విత్తి, ట్రేను ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో నేల మీద పెట్టి, మీద అట్టముక్క కప్పి రోజూ చూసుకోవాలి. మొలక కనబడిన రోజే వెలుతురులోకి తేవాలి. విజయవాడ, కాకినాడ, నెల్లూరు వంటి చోట్ల పాన్సీ కోసం డబ్బు, శ్రమ పోసుకోవద్దని మా సలహా. అదే స్థలంలో డయాంథస్, పెటూనియా వేస్తే రంగులకు లోటుండదు.

జినియా, కాస్మోస్ నారు పోయకుండా నేరుగా పెరిగే చోటే విత్తుకోవడం మేలు. వేరు కదిలితే కుదురుకోవడానికి వాటికి చాలా రోజులు పడుతుంది. కాస్మోస్ కూడా పొద్దు తగ్గితే పూసే రకమే కాబట్టి అక్టోబరు చివర వేస్తే అడుగు ఎత్తులోనే పూసేస్తుంది. ఏపుగా కావాలంటే సెప్టెంబరులోనే వేయాలి. జినియాకు చలి ముదిరాక ఆకుల మీద బూడిద తెగులు వస్తుంది. నీళ్ళు ఆకుల మీద కాక మొక్క మొదలు దగ్గరే పోయడం, మొక్కకీ మొక్కకీ అడుగు దూరం ఉంచడం తప్ప ఇంట్లో చేయగలిగింది పెద్దగా లేదు.

ఆస్టర్ విషయంలో గింజ వయసే ముఖ్యం. ఏడాది దాటితే మొలక శాతం బాగా పడిపోతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన కామిని, పూర్ణిమ, శశాంక్ రకాలు మన వాతావరణానికి బాగా సరిపోతాయి, అయితే కొత్త గింజ అయితేనే. కనకాంబరం కూడా ఇప్పుడు వేయవచ్చు గానీ ఓపిక ఉండాలి, మొలవడానికి మూడు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఎండిన కనకాంబరం కాయ తడి తగిలితే చిటుక్కున పగిలి గింజలను దూరంగా విసిరేస్తుంది. అందుకని కాయలను వాన పడకముందే కోసి గుడ్డ సంచిలో వేసుకోవాలి. ఢిల్లీ కనకాంబరం మొక్కకు గింజ కట్టదు, దాన్ని కొమ్మలతోనే పెంచాలి.

నారు పోసే మిశ్రమం సంగతికి వస్తే, ట్రేలలో పెరటి మట్టి వాడవద్దు. ఎర్రమట్టి రెండు తడులకే పైన పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు కింద బంతి మొలక మెడ వంచుకుని నిలబడిపోతుంది. నల్లరేగడి నీటిని పట్టి ఉంచి వేరును కుళ్ళబెడుతుంది. రెండిటిలోనూ తుంగ, కలుపు గింజలు, కుళ్ళు తెచ్చే బూజులు ఉంటాయి. మూడు పాళ్ళు కోకోపీట్, ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్టు సరిపోతాయి. పెటూనియా వంటి సన్న గింజలకు వర్మీకంపోస్టు కూడా వద్దు, ఒట్టి కోకోపీటే మంచిది. 98 గుంటల ప్రోట్రే (నారు పెంచే ప్లాస్టిక్ ట్రే) ఒకటి నిండడానికి సుమారు రెండున్నర లీటర్ల మిశ్రమం పడుతుంది. 650 గ్రాముల కోకోపీట్ ఇటుకను మూడు, నాలుగు లీటర్ల నీళ్ళలో నానబెడితే ఏడెనిమిది లీటర్ల పొట్టు వస్తుంది, అంటే మూడు ట్రేలకు సరిపడా. దాన్ని నేరుగా వాడకూడదు. కొబ్బరి పీచు తీయగా మిగిలిన ఈ పొట్టులో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ నానబెట్టాలి. మొదటిసారి టీ రంగులో దిగే నీరు రెండు మూడు సార్లకు తేటపడుతుంది. కడగకుండా వాడితే మొలక వస్తుంది గానీ ఆకు అంచులు మాడి పెరుగుదల ఆగిపోతుంది. తడి సరిపోయిందా అంటే, గుప్పెట్లో గట్టిగా పిండితే వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువైనట్టు.

నీళ్ళలో కూడా ఉప్పు చూసుకోవాలి. ఇంట్లో ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్ళను వృథా కాకూడదని నారుకు పోస్తున్నారు. ఆ నీళ్ళలో మిషన్‌లోకి వెళ్ళే నీళ్ళకంటే లవణాలు ఎక్కువ. వాటిని నేల తుడవడానికి వాడండి, నారుకు పోయవద్దు. సెప్టెంబరులో ఇంకా వానలు పడతాయి కాబట్టి రెండు బకెట్ల వాన నీళ్ళు పట్టుకుంటే నారంతటికీ సరిపోతాయి.

విత్తాక ట్రే మీద తడి గోనెపట్టా గానీ పాత పేపరు గానీ కప్పుతారు. బంతికి ఇది మంచిదే, కానీ దాన్ని తీసే సమయం ముఖ్యం. మన వేడికి బంతి మూడో రోజో నాలుగో రోజో మొలుస్తుంది. పదిలో ఒకటి రెండు మొలకలు కనబడిన పూటే పేపరు తీసేయాలి. అన్నీ మొలవనీ అని ఇంకో రోజు ఆగితే ముందు వచ్చినవి పాలిపోయి, దారంలా సాగి పడిపోతాయి. అలా సాగిన కాడ మళ్ళీ లావెక్కదు. తీసిన రోజు నుంచీ ఉదయపు ఎండ తగలాలి. అక్టోబరు మధ్యాహ్నపు ఎండకు మాత్రం మొదటి వారం 50 శాతం షేడ్‌నెట్ ఉండాలి.

నారు చనిపోయే కారణాల్లో మొదటిది నారుకుళ్ళు. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక ఉదయానికి పక్కకు ఒరిగి ఉంటుంది. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. వంగి చూస్తే కాడ మట్టిని తాకే చోట నీరు పట్టి, నలిగి, సన్నబడి కనిపిస్తుంది. ఆ పక్క గుంటలో ఇంకోటి, దాని పక్కన ఇంకోటి పడిపోతాయి. పిథియం, రైజోక్టోనియా అనే బూజులు దీనికి కారణం, కానీ వాటికి దారి ఇచ్చేది మనం పోసే రెండో పూట నీళ్ళే. మబ్బు పట్టిన రోజున ట్రే పైభాగం ఆరనే ఆరదు, అయినా అలవాటుగా నీళ్ళు చల్లుతాం. ట్రేను చేత్తో ఎత్తి చూడండి. బరువుగా ఉంటే ఆ పూట నీళ్ళు అక్కర్లేదు. పోస్తే ఉదయమే పోయాలి, సాయంత్రం పోస్తే రాత్రంతా తడి నిలుస్తుంది. గింజలు ఒత్తుగా చల్లడం రెండో కారణం. ఒక్కో గుంటలో ఒక్కటే, లేదా రెండు వేసి ఒకటి తీసేయాలి.

ముందుజాగ్రత్తగా కిలో వర్మీకంపోస్టుకు పది గ్రాముల ట్రైకోడెర్మా విరిడె (కుళ్ళును అణచే మేలు శిలీంధ్రపు పొడి) కలిపి, తడిపి, నీడన వారం రోజులు ఉంచి ఆ తర్వాత మిశ్రమంలో కలపాలి. కుళ్ళు మొదలైపోతే ఆ గుంటల్లోని మొక్కను, పొట్టును కలిపి తీసేసి, మిగతా వాటికి లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోయాలి. ఈ రెండూ ఒకేసారి వాడవద్దు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, మందు దాన్నీ చంపుతుంది.

కోస్తాలో, రాయలసీమ తూర్పు వైపు అక్టోబరు మూడో వారం నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు ఉంటాయి. అక్కడ ట్రేల మీద పారదర్శక పాలిథీన్ షీటును ఏటవాలుగా కట్టుకోవాలి. చుట్టూ మూసేస్తే గాలి ఆడక కుళ్ళు ఇంకా పెరుగుతుంది, పక్కలు తెరిచే ఉంచాలి. చీమలను కూడా మరచిపోవద్దు. రాత్రికి రాత్రి గింజలు మోసుకుపోతాయి. ట్రేను నాలుగు గిన్నెల నీళ్ళలో నిలబెట్టిన ఇటుకల మీద పెడితే చాలు.

రెండు జతల నిజమైన ఆకులు వచ్చాక వారానికోసారి లీటరు నీటికి ఒక గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే, నీటిలో కరిగే ఎరువు) ఇవ్వాలి, అంతకుముందు ఏ ఎరువూ అక్కర్లేదు. బంతి నారు 20 నుంచి 25 రోజులకు నాటుకు వస్తుంది. నాటే నాలుగు రోజుల ముందు నుంచి నీళ్ళు తగ్గించి పూర్తి ఎండలో ఉంచాలి. సాయంత్రం నాటాలి. బంతి కాడకు మట్టిలో పడిన చోటల్లా వేరు వస్తుంది కాబట్టి మొదటి ఆకుల దాకా లోతుగా నాటవచ్చు. పెటూనియాను అలా నాటితే మొదలు కుళ్ళుతుంది. ముద్దబంతికి 12 అంగుళాల కుండీలో ఒక్క మొక్క, నేలలో అయితే అడుగున్నర దూరం. కుండీ మట్టికి రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీట్, గుప్పెడు వేపపిండి చాలు. పచ్చి ఎరువు వేస్తే ఆకు మాత్రమే గుబురుగా వచ్చి పూత వెనకబడుతుంది.

నాటిన నెలకు తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు పెరుగుతాయని మీ వ్యాసంలో రాశారు, నిజమే. అయితే తుంచితే మొదటి పూత పది పదిహేను రోజులు వెనక్కి పోతుంది. ఉత్తర కార్తెలో వేసిన బంతిని తుంచండి. చిత్తలో వేసినదాన్ని తుంచితే సంక్రాంతికి మొగ్గలే ఉంటాయి, దాన్ని అలాగే వదిలేయండి.

చివరగా మీ పత్రిక ద్వారా రెండు వినతులు. 1966 విత్తన చట్టం కింద ప్రకటించిన రకాల విత్తనాల మీద మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు ముద్రించాలి. ఇంటి తోటలకు అమ్మే చిన్న పూల పొట్లాలలో చాలావాటి మీద ధర, బొమ్మ తప్ప ఏమీ ఉండవు. వీటి మీద కూడా రకం పేరు, పరీక్ష తేదీ, గింజల సంఖ్య వేయించేలా రెండు రాష్ట్రాల ఉద్యాన శాఖలు చూడాలి. వెంకటరామన్నగూడెంలోని, సిద్దిపేట జిల్లా ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఆస్టర్, బంతి గింజలను ఐదు గ్రాముల పొట్లాలుగా ఆగస్టులోనే అమ్మకానికి పెడితే ఇంటి తోటల వాళ్ళకు ఎంతో మేలు. రెండోది మిమ్మల్నే అడుగుతున్నాం. ఏ పువ్వును ఏ కార్తెలో విత్తాలో, ఎంత లోతున, వెలుతురులోనా చీకట్లోనా అన్నది కోస్తాకు, సీమకు, తెలంగాణకు విడివిడిగా ఒక పట్టికగా వేయండి. హస్త కార్తె మొదలయ్యేలోగా వేస్తే ఈ ఏడాదికే పనికొస్తుంది.

ఇట్లు,
మిద్దెతోటల సాగుదారులు కొందరు,
హైదరాబాద్